తిరిగివ్వాల్సిన డబ్బా

రేణు ఫైలు మంగళవారం పొద్దున్న పదింటికి వసుమతి బల్ల మీదకి వచ్చింది. అప్పటికింకా ఆమె కాఫీ కూడా తాగలేదు. ఆగస్టు నెలంతా ఆ ఆఫీసులో అంతే. మెడికల్ కాలేజీ పిల్లల్లో సగంమంది అప్పులకో గ్రాంటులకో అర్జీలు పెట్టుకుంటారు. అవన్నీ ఈ మూడు గదుల ఆఫీసుకే వచ్చి పడతాయి. ప్రతి కవరూ చింపి, తేదీ ముద్ర కొట్టి, పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసి, ముఖ్యమైన వివరాలు ఒక కార్డు మీద టైపు చేసి ఫైలుకి గుచ్చడం వసుమతి పని. నాలుగేళ్ళుగా చేస్తోంది. ముద్ర కొట్టేటప్పుడు పేర్లు చూడడం మానేసి చాలా కాలమైంది.

ఈ పేరు మాత్రం కళ్ళబడింది. రెండో సంవత్సరంలోకి వస్తున్న రేణు. 'ఓయమ్మా, మన డాక్టర్ గారి రేణు!' అనుకుంది. ప్లెయిన్స్‌బరో ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళకి డాక్టర్ గారంటే రామమోహనరావు గారే. తక్కిన డాక్టర్లని పేరు పెట్టి చెప్పుకోవాలి. ఆయన్ని చెప్పక్కర్లేదు. పిల్ల చేతిరాత ఎంత ముద్దుగా ఉందో అనుకుంటూ పేజీ తిప్పింది.

మెడికల్ స్టూడెంటయితే చాలు, పెళ్ళయి పిల్లలున్నా సరే, తల్లిదండ్రుల పేజీ నింపాల్సిందే. అది ఆ ఫారం రూలు. ఆ పేజీలో తండ్రి ఉద్యోగం అన్నచోట 'హాస్పిటల్ టెక్నీషియన్' అని రాసి ఉంది. ఏడాది సంపాదన పధ్నాలుగు వేల చిల్లర డాలర్లు. తల్లికి ఉద్యోగం లేదు. సొంత ఇల్లు ఉందా అన్న ప్రశ్నకి 'లేదు' అన్న గడిలో టిక్కు. ప్రత్యేక పరిస్థితులు ఏమైనా ఉంటే రాయండి అన్న పెద్ద గడి మొత్తం ఖాళీ.

వసుమతి కళ్ళజోడు తీసి స్వెట్టర్ అంచుతో తుడుచుకుని మళ్ళీ చదివింది. అక్షరాలు మారలేదు.

రెండు వారాల కిందట ఆదివారం మధ్యాహ్నం, ఈ 'లేని' ఇంట్లోనే కదా తను భోంచేసింది! నాలుగు పడగ్గదులు, హాల్లో గాజు దీపాల గుత్తి, వెనకాల పిల్లలు క్రికెట్ ఆడుకునేంత పచ్చిక. నలభైమందిని పిలిచారు. పులిహోర, గుత్తి వంకాయ, పెరుగు వడలు, ఒకటేమిటి! తెలుగు సంఘం పిక్నిక్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడిగితే అందరికన్నా ముందు లేచిన చెయ్యి డాక్టర్ గారిదే. వచ్చేసేటప్పుడు డాక్టర్ గారి భార్య హైమ గారు వద్దన్నా వినకుండా మిగిలిన వంకాయ కూర సర్ది చేతిలో పెట్టింది. అడుగున 'హైమ' అని చుక్కలు చుక్కలుగా చెక్కించిన స్టీలు డబ్బా. అది ఇప్పటికీ వసుమతి వంటింటి గట్టు మీదే ఉంది. ఒకరి డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు. అందులో పెట్టడానికి ఏదో ఒకటి చెయ్యాలి. చెయ్యడానికి తీరిక దొరకలేదు.

'ఎంత అబద్ధం! ఎంత నిబ్బరంగా రాశారమ్మా!' అనుకుంది. అనుకున్నకొద్దీ కోపం వచ్చింది.

పోయినేడు కొడుకు జగదీష్ కోసం ఇలాంటి ఫారమే తమ ఇంట్లోనూ నింపారు. భర్త భాస్కర్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని జీతం, ఓవర్‌టైము, బ్యాంకులో ఉన్న నిలవ, అన్నీ ఉన్నదున్నట్టు రాశాడు. "అబద్ధం రాస్తే అరాయించుకోలేను నేను" అని నవ్వాడు కూడా. ఒక్క సెంటు రాలేదు. జగదీష్ ఇంజనీరింగ్ చదువుకుంటూ కాలేజీ కాంటీన్‌లో ప్లేట్లు కడుగుతున్నాడు. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు చూస్తే వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఉంది. కొబ్బరినూనె రాస్తుంటే "ఇట్స్ నథింగ్ మా" అని చెయ్యి లాక్కున్నాడు.

నిజం రాసినవాడి కొడుకు ప్లేట్లు కడగాలి. అబద్ధం రాసినవాడి కూతురికి గ్రాంటు రావాలి. బాగుంది వరస!

హైమ గారి నంబరు వసుమతికి నోటికొచ్చు. రిసీవరు తీసి, నాలుగంకెలు తిప్పి, పెట్టేసింది. ఏమని అడుగుతుంది? మీ ఆయన జీతం ఇంతేనా అనా? మీ ఇల్లు మీది కాదా అనా? ఎవరైనా అడుగుతారా అలా? అదీగాక ఫైళ్ళలో ఉన్న సంగతి బయట మాట్లాడనని ఉద్యోగంలో చేరినరోజే సంతకం పెట్టింది. ఆ రూలు గుర్తొచ్చేసరికి ప్రాణం కుదుటపడింది. కార్డు టైపు చేసి ఫైలుకి గుచ్చి పక్కన పెట్టింది. టైపు చేసేటప్పుడు 'టెక్నీషియన్' అన్నచోట మీటలు మాత్రం కాస్త గట్టిగానే కొట్టింది.

బుధవారం మధ్యాహ్నం మిసెస్ డోయల్ పిలిచింది. ఆ ఆఫీసుకి ఆవిడే పెద్ద. మంచి మనిషి, కానీ ఆ ఏడాది ఆవిడ మొహాన నవ్వు లేదు. గవర్నమెంటు ఎక్కడికక్కడ డబ్బు కోసేసింది. పూర్వం ఓ ముసలి డాక్టరు పోతూపోతూ కాలేజీకి రాసిచ్చిన గ్రాంటు ఒక్కటి మిగిలింది. శుక్రవారం కమిటీ కూర్చుని అది ఎవరో ఒకరికి ఇస్తుంది. మిసెస్ డోయల్ ముందు రెండే రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి ఫైర్ స్టేషన్‌లో పనిచేసే ఆయన కొడుకుది. రెండోది రేణుది.

"వాసూ, ఈ అమ్మాయి మీవాళ్ళే కదూ?" అంది. ఆవిడకి ఇండియా నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ 'మీవాళ్ళే'. పంజాబీ అయినా సింధీ అయినా అదే మాట. ఈసారి మాత్రం నిజంగానే మనవాళ్ళు.

"తెలుసు" అంది వసుమతి.

"పాపం, నిన్న నా దగ్గరికి వచ్చింది. ఈ గ్రాంటు రాకపోతే వచ్చే మంగళవారానికి ఫీజు కట్టడం తన వల్ల కాదట, ఏడాది చదువు మానాల్సిందేనట. మార్కులు చూశావా? తండ్రి సంపాదన చూస్తే పధ్నాలుగు వేలు. నా ఓటు ఈ అమ్మాయికే వేస్తాను."

వసుమతి అక్కడ ఊరుకుంటే సరిపోయేది. 'అలాగే' అని ఫైలు తీసుకుని వచ్చేస్తే సరిపోయేది. తర్వాత ఎన్నిసార్లు అనుకుందో ఆ మాట! కానీ అప్పుడు కళ్ళముందు జగదీష్ వేళ్ళున్నాయి.

"ఆయన డాక్టరు" అంది.

మిసెస్ డోయల్ తలెత్తింది. "ఎవరు?"

"ఆ అమ్మాయి తండ్రి. టెక్నీషియన్ కాదు, డాక్టరు. పెద్ద ఇల్లు. నేను వెళ్ళాను. రెండు వారాల కిందటే భోంచేసి వచ్చాను."

"ఆర్ యూ ష్యూర్?"

"మా ఊళ్ళో అందరికీ తెలుసు."

మిసెస్ డోయల్ ఇంకేం అడగలేదు. నిట్టూర్చి, సొరుగు లాగి, పసుపు రంగు క్లిప్పు ఒకటి తీసి రేణు ఫైలుకి పెట్టింది. పసుపు క్లిప్పు అంటే కాదని అర్థం కాదు. సరిచూడాలని అర్థం. టాక్సు ఆఫీసుకి రాసి, తండ్రి కట్టిన టాక్సు కాగితాల నకలు తెప్పించి, ఫారంతో పోల్చి చూస్తారు. అంతా అయ్యేసరికి ఆరు వారాలు పడుతుంది. ఆ నకళ్ళ కోసం ఉత్తరాలు రాసేది వసుమతే. అన్ని వారాలు పడుతుందని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు.

'నేనేం ఆపలేదు. నిజమైతే నిజమనే తేలుతుంది' అని తనకి తాను చెప్పుకుంది. రోజంతా చెప్పుకుంటూనే ఉంది.

శుక్రవారం నాలుగింటికి కమిటీ లేచింది. వసుమతి రెండు ఉత్తరాలు టైపు చేసింది. ఫైర్ స్టేషన్ ఆయన కొడుక్కి 'సంతోషంగా తెలియజేస్తున్నాము' అని. రేణుకి 'మీ అర్జీ పరిశీలనలో ఉన్నది' అని. రెంటికీ సంతకాలు చేయించి, మడిచి, కవర్లు అంటించి తపాలా డబ్బాలో వేసింది. సాయంత్రం ఇంటికొచ్చి ఎందుకో మినప్పప్పు వేయించడం మొదలుపెట్టింది. రెండు వారాలుగా దొరకని తీరిక ఆవేళ దొరికింది. సున్నుండలు చుట్టి హైమ గారి డబ్బాలో సర్దింది. పన్నెండు పట్టాయి.

"ఏంటోయ్, హఠాత్తుగా?" అన్నాడు భాస్కర్, ఒకటి నోట్లో వేసుకుంటూ.

"డబ్బా ఎన్నాళ్ళుంచుకుంటాం!" అంది.

శనివారం పొద్దున్న భాస్కర్‌ని చెకప్‌కి తీసుకెళ్ళింది. నలభై అయిదు దాటినవాళ్ళందరికీ కంపెనీ చేయించే చెకప్, భయపడాల్సిందేం లేదు. అరగంట దూరంలో హాస్పిటల్. భాస్కర్ చొక్కా విప్పి బల్ల మీద పడుకున్నాడు. వసుమతి మూల కుర్చీలో కూర్చుని పాత పత్రికేదో తిరగేస్తోంది. తలుపు తోసుకుని ముందు చక్రాల బండి వచ్చింది, దాని మీద ఈసీజీ మిషను. వెనకాల దాన్ని తోస్తున్న మనిషి.

"గుడ్ మార్నింగ్, మిస్టర్..." అంటూ చేతిలో కాగితం చూసి ఆగిపోయాడు.

రామమోహనరావు గారు. పొట్టి చేతుల తెల్ల చొక్కా. జేబుకి ప్లాస్టిక్ బిళ్ళ. దాని మీద పేరు, పేరు కింద 'ఈసీజీ టెక్నీషియన్'.

"డాక్టర్ గారూ! మీరేంటండీ ఇక్కడ?" భాస్కర్ లేవబోయాడు.

"పడుకోండి, పడుకోండి" అని ఆయన భాస్కర్ భుజం మీద చెయ్యేసి మెల్లిగా పడుకోబెట్టాడు. "కదలొద్దు. మాట్లాడొద్దు కూడా. మాట్లాడితే గీత చెడిపోతుంది."

ఆయన రెండు మణికట్లకీ, రెండు చీలమండలకీ రబ్బరు పట్టీలు కట్టాడు. బిగువు సరిపోయిందో లేదో ప్రతి పట్టీ కిందా వేలు దూర్చి చూశాడు. ట్యూబులోంచి జెల్లీ తీసి అరచేతిలో కాసేపు ఉంచుకున్నాడు, ఒంటికి తగిలినప్పుడు చల్లగా ఉండకూడదని. పక్కటెముకలు వేలితో లెక్కపెట్టుకుంటూ, రబ్బరు బుడ్డిని నొక్కి వదిలి, చిన్న లోహపు గిన్నెలు ఒక్కొక్కటే ఛాతీకి అంటించాడు. ఆరు గిన్నెలు. వసుమతి పత్రిక మూసేసి ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. అవి చోటు కోసం వెతుక్కునే వేళ్ళు కావు.

మిషను గురగురమంటూ కాగితం వదిలింది. ఆయన దాన్ని చింపి, పొడుగునా చూసి, మడతపెట్టాడు.

"ఇది డాక్టరు చదవాలి. నేను చెప్పకూడదు" అన్నాడు. తలుపువైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "బ్రహ్మాండంగా ఉంది. నిశ్చింతగా ఉండండి."

తర్వాత టిష్యూతో భాస్కర్ ఛాతీ తుడుస్తూ, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు. "పదకొండేళ్ళు స్టేట్ హాస్పిటల్లో తాత్కాలిక పర్మిట్ మీద డాక్టరుగా చేశానండీ. లైసెన్సు పరీక్ష పాసయితేగానీ కుదరదన్నారు. మూడుసార్లు రాశాను. యాభై దాటాక ఆ బయోకెమిస్ట్రీ బుర్రకెక్కడ ఎక్కుతుంది? పోయినేడు మార్చిలో పర్మిట్ ఆపేశారు."

"మరి... ఇల్లు?" అంది వసుమతి.

"జూన్‌లోనే అమ్మేశామమ్మా. కొన్నవాళ్ళు మంచివాళ్ళు, ఈ నెలాఖరుదాకా అద్దెకి ఉండమన్నారు. మొన్న భోజనాలంటారా, ఆ ఇంట్లో ఆఖరుసారి అందరికీ పెట్టాలని హైమ ముచ్చటపడింది. ఎందుకు పెడుతున్నామో చెప్పలేదు, అంతే." ఆయన నవ్వాడు. "మీకు కొత్తేముందిలెండి. రేణు ఫైలు మీ దగ్గరికే వచ్చుంటుందిగా."

వసుమతి ఒళ్ళో ఉన్న పత్రికని గుండ్రంగా చుట్టసాగింది.

"నిజం చెప్పొద్దూ, మీరున్నారనే నేను వెనకాడాను. రాసేటప్పుడు చెయ్యి రాలేదనుకోండి. ప్రత్యేక పరిస్థితులని ఓ గడి ఉంటుంది చూశారా, అందులో సంగతంతా రాద్దాం డాడ్ అంది రేణు. నేనే వద్దన్నాను. ఏం రాస్తాం, పరీక్ష తప్పాననా? కానీ హైమ అంది, వసుమతి అక్కడుండడమే మంచిది, మన మనిషి, కడుపులో పెట్టుకుంటుంది అని. అన్నట్టే అర్జీ ఇచ్చి నాలుగు రోజులైంది, ఎక్కడా పొక్కలేదు. మీ మేలు మర్చిపోలేమమ్మా." జెల్లీ అంటిన టిష్యూ చేతిలో ఉండగానే రెండు చేతులూ జోడించాడు.

బండి తోసుకుని ఆయన వెళ్ళిపోయాక భాస్కర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "చూశావా, ఎంత దాచుకున్నారో పాపం! నువ్వు నాక్కూడా చెప్పలేదు. గట్టిదానివే."

కారెక్కాక వసుమతి అంతా చెప్పేసింది. బుధవారం తను అన్న మాటలు ఒక్కటి వదలకుండా చెప్పింది. భాస్కర్ స్టార్ట్ చేసిన ఇంజను ఆపేశాడు.

"ఒక్క ఫోన్ చేసి అడక్కపోయావా హైమ గారిని?"

"ఎలా అడుగుతానండీ? మీ ఆయన జీతమెంత అని ఎలా అడుగుతాను? మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మరి దొరసానికెలా చెప్పావు?"

దొరసానికి చెప్పడం ఎంత తేలికైపోయిందో! అక్కడ సిగ్గు అడ్డం రాలేదు. అడగాల్సినచోట మొహమాటపడి, నోరు మూసుకోవాల్సినచోట తెరిచింది. ఛీ, అనుకుంది. ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

సోమవారం ఆఫీసు తెరవకముందే వెళ్ళి మిసెస్ డోయల్ తలుపు దగ్గర నిలబడింది. ఆవిడ కోటు విప్పుకునేదాకా కూడా ఆగలేదు.

"నేను తప్పు చెప్పాను. ఆ అమ్మాయి రాసిందంతా నిజం. తండ్రి టెక్నీషియనే. ఇల్లు అమ్మేశారట. ఆయన్ని పనిలో నా కళ్ళతో చూశాను."

మిసెస్ డోయల్ కుర్చీలో కూర్చుంది. "వాసూ, ఆ గ్రాంటు శుక్రవారమే ఇచ్చేశాం. ఉత్తరం నువ్వే కదా టైపు చేశావు."

"వెనక్కి తీసుకోలేమా?"

"ఆ అబ్బాయి తప్పేముంది?" అంది ఆవిడ. "ఆ అమ్మాయికి పొద్దున్నే ఇంట్లోంచి ఫోన్ చేసి చెప్పాను. ఎక్కువ వడ్డీ అప్పు ఒకటుంది, అదీ మూడు వారాలు పడుతుంది. రేపటితో రిజిస్ట్రేషన్ ఆఖరు. ఏడాది సెలవు పెడతానంది. రేపు వచ్చి సంతకం చేస్తుంది. ఆ కాగితం కాస్త తయారుచేసి పెట్టు."

తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం రేణు వచ్చింది. జీన్సు, భుజానికి పుస్తకాల సంచి, నుదుటి మీద చెమట. వసుమతిని చూడగానే నవ్వింది.

"హాయ్ ఆంటీ. లీవ్ ఫార్మ్ మీ దగ్గర ఉంది అని చెప్పారు."

"కూర్చో అమ్మా."

"అమ్మ ప్యాకింగ్ చేస్తోంది. మీ దగ్గర అమ్మ డబ్బా ఉందంట? ఈవేళ దొరికితే తెమ్మంది. సెట్‌లో అదొకటే తక్కువ అంట."

డబ్బా పొద్దున్నే తెచ్చి బల్ల కింద పెట్టుకుంది వసుమతి. తీసి రేణు ముందు పెట్టింది. రేణు మూత తీసి చూసి, "ఓ మై గాడ్, సున్నుండలు! డాడ్‌కి ఫేవరెట్" అంది. కాగితం మీద వసుమతి చూపించినచోట పేరు రాసింది. కారణం అన్నచోట 'డబ్బు లేకపోవడం' అని ఇంగ్లీషులో ఒక్క మాట రాసింది. కలం ఆగింది.

"ఆంటీ, మిసెస్ డోయల్ చెప్పింది, ఎవరో డాడ్ డాక్టర్ అని చెప్పారంట. అందుకే హోల్డ్ చేశారంట. ఎవరు అలా చెప్తారు? మాకు ఎవరూ ఎనిమీస్ లేరు కదా."

ఇప్పుడు కూడా ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మిసెస్ డోయల్ చెప్పదు, భాస్కర్ చెప్పడు. హైమ గారు ఎప్పటికీ మన మనిషే అనుకుంటుంది. వసుమతి రెండు చేతులూ బల్ల మీద పెట్టి, వాటికేసే చూసుకుంటూ అంది.

"నేనే చెప్పానమ్మా."

రేణు మొదట నవ్వబోయింది. తర్వాత వసుమతి మొహం చూసింది.

"మీరా?"

"మీ ఇల్లు చూశాను. మొన్న భోజనాలు చూశాను. అబద్ధం రాశారనుకున్నాను. బుద్ధి గడ్డితింది. డబ్బు మేమిస్తామమ్మా. అంకుల్‌తో మాట్లాడాను, ఈ ఏడాది ఫీజు..."

"డాడ్ తీసుకోడు ఆంటీ" అంది రేణు. గొంతులో కోపం లేదు. "ఒకసారి ఫోన్ చేసి అమ్మని అడిగి ఉంటే చెప్పేది."

"అడిగితే బాగుండదనుకున్నాను."

"నన్ను అడగొచ్చు కదా. నేను ఇక్కడే ఉన్నాను. పక్క బిల్డింగ్ లైబ్రరీలో. ఎవ్రీ డే."

వసుమతి ఆ లైబ్రరీ మెట్ల మీంచే రోజూ కార్ పార్కింగ్‌కి వెళ్తుంది. ఎన్నిసార్లో 'హాయ్ ఆంటీ' అని చెయ్యి ఊపిన పిల్ల.

రేణు తల వంచుకుని కాగితం మీద సంతకం చేసింది. తేదీ వేసింది. కలం మూత పెట్టి వసుమతివైపు జరిపింది. అప్పుడు బల్ల మీదున్న టిష్యూ పెట్టెలోంచి రెండు టిష్యూలు లాగి, పక్కపక్కన పరిచి, డబ్బాలోంచి సున్నుండలు ఒక్కొక్కటే తీసి వాటి మీద పెట్టసాగింది. విసురుగా కాదు, చిదిరిపోకుండా, జాగ్రత్తగా. చివరిది తీశాక డబ్బాని తలకిందులు చేసి అడుగున అంటిన పొడి కూడా దులిపింది.

"ఖాళీ డబ్బా తీసుకెళ్ళకూడదమ్మా" అంది వసుమతి. ఆ మాట ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియదు.

"అమ్మకి డబ్బా ఒకటి చాలు ఆంటీ" అంది రేణు. మూత బిగించి సంచిలో పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళి, చిన్నప్పటినుంచి అలవాటైన మాట కాబట్టి, వెనక్కి తిరిగి "థాంక్యూ ఆంటీ" అని వెళ్ళిపోయింది.

వసుమతి కాగితం అందుకుని ముద్ర కొట్టింది. తేదీ వంకరగా పడింది. పక్కన మళ్ళీ కొట్టింది. మిసెస్ డోయల్ తన గదిలోంచి వచ్చి, టిష్యూల మీద వరసగా ఉన్న సున్నుండల్ని వింతగా చూసింది. ఒకటి తీసి కొరికింది.

"ఎంత బాగున్నాయి వాసూ! నువ్వే చేశావా? ఏమిటి విశేషం, మీ పండగేమైనానా?"

"పండగ కాదు" అంది వసుమతి. కాగితాన్ని రేణు ఫైల్లో పెట్టి, పసుపు క్లిప్పు తీసేసింది. "ఒకళ్ళ డబ్బా తిరిగిచ్చేశాను."